ఆరు గడపలకు ఒక బండి

కోవిల్‌పట్టి బస్టాండు గోడ మీద అతికించిన కన్నీటి నివాళి పోస్టరులో నా భుజం కనబడింది.

తమిళనాడులో మా వైపు ఎవరైనా పోతే మరునాటికే ఇలాంటి పోస్టర్లు గోడలెక్కుతాయి. పైన పోయినవారి ఫొటో, కింద దుఃఖంలో ఉన్నవారి పేర్లు, ప్రార్థన ఎప్పుడో ఎక్కడో. విరుదునగర్ బస్సు కోసం నిలబడి, తోచక చదువుతున్నాను. ఫొటోలో నలభై దాటిన ఆడమనిషి. నూనె రాసి బిగించి దువ్విన జుట్టు, నవ్వు ఆపుకుంటున్న పెదవులు. ఆమె కుడిపక్కన, ఫొటో కత్తిరించిన అంచు దగ్గర, తెల్లచొక్కా తొడిగిన ఒక భుజం. గంజిపెట్టి ఇస్త్రీ చేసిన మడత కత్తిలాగా నిలబడి ఉంది. ఆ మడత చూసి గుర్తుపట్టాను. ఆ చొక్కా నాది. ఆ తర్వాతే ఆమె ముఖం సరిగ్గా చూశాను.

ఆమె పేరు పోస్టరు మీద పెద్ద అక్షరాలతో ఉంది. ఇక్కడ రాయను. కాలేజీలో నేను ఆమెను ఏనాడూ పేరుతో పిలవలేదు, మేడం అనేవాణ్ణి. పిల్లలు ఆరిండ్ల టీచర్ అనేవాళ్లు. నాకు ఆ రెండో పేరే బాగుంటుంది.

మా కుటుంబం గురించి నాలుగు మాటలు చెప్పకపోతే ఆమె నన్ను చూసి ఎందుకు నవ్వేదో అర్థం కాదు. ఒట్టపిడారం అవతల మాకొక పాళెం, అంటే చిన్న జమీందారీ, ఉండేది. ఇప్పుడక్కడ ముఖద్వారం ఒక్కటే మిగిలింది. దానికి తలుపులు లేవు, లోపల ఇల్లు లేదు, అంతా ముళ్లతుమ్మలు. పక్కనే ఎడ్లబండి పోయేంత దారి ఉన్నా మా నాన్నగారు ఆ ఊరు వెళ్లినప్పుడల్లా ఆ ద్వారం గుండానే లోపలికి నడిచి, ముళ్ల మధ్య కాసేపు నిలబడి, మళ్లీ ద్వారం గుండానే బయటికి వచ్చేవారు. ఆయన ఎవరి చేతినుంచీ ఏదీ అందుకోరు. బస్సులో కండక్టరు టికెట్టును సీటు మీద పెట్టాలి, అప్పుడు తీసుకుంటారు. ఇలా ఉండమని నాతో ఎన్నడూ అనలేదు. నేను చూసి నేర్చుకున్నాను. చేతులు రెండూ వెనక్కి కట్టుకుని నిటారుగా నిలబడడం నాకు అలా వచ్చింది. మిగతావన్నీ పోయాయి, ఇది నిలిచింది. దీన్ని తక్కువ చేసి చెప్పుకోవడం నాకిష్టం లేదు.

ఇంట్లో మాది తెలుగే. మగపిల్లలకు అక్షరాలు కూడా నేర్పించేవారు కనుక ఇది రాయగలుగుతున్నాను. గడప దాటితే మాత్రం తమిళం. బయటివాళ్లతో తెలుగు మాట్లాడడం మా ఇంటి పద్ధతి కాదు.

సాత్తూరుకీ కోవిల్‌పట్టికీ మధ్య హైవే పక్కన ఉన్న ఒక ఇంజనీరింగు కాలేజీలో కంప్యూటర్ల ల్యాబు నా చేతికింద ఉండేది. తొంభైల చివర ఆమె లెక్చరరుగా చేరింది. మొదటిరోజు నేను ఫోనులో మా అమ్మతో మాట్లాడుతుండగా ల్యాబు గుమ్మంలోకి వచ్చి నిలబడింది. నేను ఫోను పెట్టేసేవరకు ఆగి, ముఖం ఇంత చేసుకుని అంది:

"అడడా! మీ ఇంట్లోనూ మన మాటేనా? ఈ రోడ్డు మీద తెలుగు మాట్లాడేవాళ్లు నేనొక్కతే అనుకుంటిని!"

"చెప్పులు బయట వదలాలి," అన్నాను తమిళంలో.

ఆమె చెప్పులు బయట వదిలి వచ్చింది. ఆ రోజు నుంచి ఆమె నాతో తెలుగులోనే మాట్లాడింది, నేను తమిళంలోనే జవాబు చెప్పాను. పదేళ్లకు పైగా ఇలాగే సాగింది. కొత్తగా చేరినవాళ్లు మమ్మల్ని వింతగా చూసేవారు.

ఆమె తెలుగు మా ఇంటి తెలుగు కాదు. కోవిల్‌పట్టిలో అగ్గిపెట్టెల కంపెనీ వెనక, చిన్న చర్చి పక్క సందులో, కూలి చేసుకునే ఇండ్ల తెలుగు. సగానికి సగం తమిళం కలిసేది. అయినా మా నాయనమ్మ పోయాక నేనెక్కడా వినని మాటలు ఆమె నోట హఠాత్తుగా వచ్చేవి. తొందరగా రమ్మనడానికి 'బిరాన రా' అనేది. అప్పుడు నేను కంప్యూటరు తెర వైపు తిరిగి ఏదో పని ఉన్నట్టు కూర్చునేవాణ్ణి.

ఆమె వేళ్ల గురించి చెప్పాలి. అవి ఊరికే ఉండేవి కావు. మాట్లాడుతూ మాట్లాడుతూ బల్ల మీదున్న సుద్దముక్కల్ని నాలుగు నాలుగుగా తీసి వరుసలు పేర్చేది. వాటివైపు చూసేది కాదు. నాలుగూ ఒక్కసారే లేచేవి, ఒక్కసారే దిగేవి. చిన్నప్పుడు తల్లి పక్కన కూర్చుని నేర్చిన పని అది. అగ్గిపుల్లలకు మందు అద్దేముందు వాటిని ఒకదానికొకటి తగలకుండా గాడులున్న బద్దల మధ్య పేర్చి చట్రానికి బిగించాలి. ఆ సందులో ఇంటింటా అదే పని.

ఇంకొకటి, కడలమిఠాయి. వేరుశనగ పప్పు బెల్లం పాకంలో పోసి చేసే మా కోవిల్‌పట్టి సరుకు. ఆమె సంచిలో ఎప్పుడూ ఉండేది. మధ్యాహ్నం ల్యాబులోకి వస్తూనే ఒక ముక్క విరిచి నా ముందుకు చాపేది. నేను తల అడ్డంగా ఊపేవాణ్ణి.

"మిట్టాయికి కూడా అడ్డంగానేనా జమీనన్నా? ఆ తల పైకీ కిందికీ ఆడదా?" అని తనే నోట్లో వేసుకునేది. మరునాడు మళ్లీ చాపేది. నేను తీసుకోనని ఆమెకు తెలుసు. అయినా ఒక్కరోజు మానలేదు. జమీనన్న అన్న పేరు కాలేజీలో ఎవరైనా వాడితే నేను ఊరుకునేవాణ్ణి కాను. ఆమెను మాత్రం ఏమీ అనలేదు.

రెండువేల సంవత్సరం దాటి ఏడెనిమిదేళ్లకు ఆ యంత్రం వచ్చింది. చూడటానికి అది పిల్లలు టీవీకి తగిలించుకుని ఆడే ఆటపెట్టె. నల్లగా నిగనిగలాడేది. లోపలి ప్రాసెసరు మాత్రం అప్పటివరకు మేం చూసిన ఏ కంప్యూటరులోనూ లేనిది. మదురైలో ఒక ప్రొఫెసరుగారు దాన్ని ఆమెకు అరువిచ్చారు. వేసవి సెలవుల లోపల దానిమీద ఒక పని చేసి చూపించాలి. అగ్గిపుల్లల చట్రాన్ని కెమెరాతో ఫొటో తీస్తే, మందు అంటని పుల్లలూ విరిగిన పుల్లలూ ఎక్కడెక్కడున్నాయో యంత్రం గుర్తుపెట్టి చూపాలి. బొమ్మ మొత్తం రావాలి, మామూలు కంప్యూటరు కంటే త్వరగా రావాలి. అలా వస్తే ఆయన ఆమెను పరిశోధన విద్యార్థిగా తీసుకుంటారు. రాకపోతే యంత్రం మదురై తిరిగిపోతుంది.

"ఈ వయసులో నన్ను ఇంకెవురు తీసుకుంటారు జమీనన్నా?" అంది ఆ పెట్టె విప్పుతూ. నవ్వుతూనే అంది. వేళ్లు మాత్రం పెట్టెలోని అట్టముక్కల్ని నాలుగు నాలుగుగా పేర్చుతున్నాయి.

పని మొదలుపెట్టాక ఆ యంత్రం ఎంత మొండిదో తెలిసింది. మామూలు కంప్యూటరుకు లెక్కలు చేసే భాగాలు, అంటే కోర్లు, ఒకటో రెండో సమానంగా ఉండి, అన్నిటికీ మెమరీ ఉమ్మడిగా ఉంటుంది. దీనికి ఒక పెద్ద కోరు, దాని కింద మేం వాడుకోగల ఆరు చిన్న కోర్లు. చిన్నవి లెక్కలో మహా వేగం. అయితే ఒక్కోదానికీ సొంతంగా ఇంత చిన్న మెమరీ తప్ప పెద్ద మెమరీని నేరుగా చూసే వీలు లేదు. ప్రోగ్రామూ అందులోనే పట్టాలి, లెక్కించే సరుకూ అందులోనే పట్టాలి. కావలసింది ముక్కలు చేసి మనమే లోపలికి పంపాలి, అయినది మనమే బయటికి తెప్పించాలి. ముక్క మెమరీలో సరిగ్గా నిర్ణయించిన హద్దు దగ్గర మొదలు కాకపోతే అది కదలదు. పైగా ఆ చిన్న కోర్లకు ప్రశ్నలు గిట్టవు. ఈ పుల్లకు తల ఉందా లేదా అని ఒక్కో పుల్ల దగ్గర ఆగి అడిగితే తడబడి నిలిచిపోతాయి. నాలుగేసి కలిపి, అన్నిటికీ ఒకే పని చెబితే పరిగెడతాయి.

తోటి లెక్చరర్లు పుస్తకాలు తిరగేసి తలపట్టుకున్నారు. ఆమె మాత్రం మొదటివారంలోనే చిన్నపిల్లలా గంతులేసింది.

"ఇది మా సందు జమీనన్నా! పెద్దది కంపెనీ. చిన్నవి ఇండ్లు. ఒక్కో ఇంటి వాకిట ఇంతే ఎడం. బస్తా పుల్లలు తెచ్చి కొడితే ఎక్కడ పెట్టేది? బండాయన కట్ట కట్టగా తేవాల. ఒక కట్ట అయ్యేలోపు ఇంకో కట్ట పక్కన పడుండాల. లేదంటే ఆడోళ్లు సుమ్మ ఊరికే కూచోనుంటారు. ముందు బండి సంగతి చూడాల, ఆనక ఇల్లు. వీళ్లంతా ఇంటి సంగతే చూస్తా ఉండారు!"

పిల్లలకు పాఠం చెప్పవలసి వచ్చినప్పుడు ఆమె బల్లల దగ్గర చెప్పలేదు. ల్యాబు బయట వరండాలో ఆరుగురిని బారుగా నేల మీద కూర్చోబెట్టి, ఒక్కొక్కరి ముందు ఒక పళ్లెం పెట్టింది. పళ్లెంలో పట్టినన్ని సుద్దముక్కలు తెచ్చిస్తే వాళ్లు విరిగినవి ఏరి, మంచివి వరుసపెట్టి, తిరిగి ఇవ్వాలి. అవతలి చివర గుట్టగా పోసిన సుద్దముక్కల దగ్గర ఒకడిని నిలబెట్టింది. వాడు పెద్ద కోరు. వాడు తెలివైనవాణ్ణనుకుని, గుట్ట దగ్గరే కూర్చుని తనే విరిగినవి ఏరడం మొదలుపెట్టాడు. ఆరుగురూ ఖాళీ పళ్లేలతో దిక్కులు చూస్తున్నారు.

"రేయ్, నువ్వు కూచోని ఏరే పని లేదురా! పరిగెత్తు! నీ కాళ్లే వాళ్లకు కూడు!" అని అరిచింది. తర్వాత నావైపు తిరిగింది. "జమీనన్నా, మీరు రండి. వీడికి చూపిద్దాం."

పిల్లల ముందు కాదనలేక వెళ్లాను. సుద్దముక్కల పళ్లెం పట్టుకుని నడిచాను. నేను పరిగెత్తను. మా ఇంట్లో ఎవరూ పరిగెత్తరు. మొదటి పిల్లవాడి దగ్గరికి వెళ్లి, వంగకుండా పళ్లెం దించి, వెనక్కి నడిచి, రెండో పళ్లెం తీసుకున్నాను.

"చూడండి పిల్లలూ, ఊరేగింపు వస్తా ఉంది," అంది ఆమె, నడుం మీద చేయి వేసుకుని. "మేళం ఒకటే తక్కువ. ఆ కడ ఇంటి ఆడది ఈ పొద్దు పస్తే!"

వరండా అంతా నవ్వింది. నేను నడక మార్చలేదు. ఆ రోజు నుంచి ఆమె ఆరిండ్ల టీచర్ అయింది.

ఆ ఆటలో ఒక నియమం ఉండేది. పిల్లవాడు వరుసపెట్టిన పళ్లాన్ని అడగగానే ఇచ్చేయకూడదు. కొత్త పళ్లెం తన ముందు దిగాకే చేతిలోది వదలాలి. ప్రోగ్రాములోనూ ఆమె అలాగే రాసింది. తర్వాతి ముక్క లోపలికి వస్తే తప్ప చిన్న కోరు అయిన ముక్కను బయటికి ఇవ్వదు. ఎందుకని కాలేజీ బస్సులో అడిగాను.

"మా సందు కట్టుబాటు అది," అంది. "మొదట్లో మా అమ్మవాళ్లు నమ్మి ఇచ్చేస్తా ఉండినారు. బండాయన నిండిన చట్రాలు ఎత్తుకోని పోతాడు. మళ్లా ఆ పక్కమే రాడు. ఏంటికి? ఇంకో సందులో కూలి తక్కువ. ఇండ్లల్లో పని లేదు. అప్పుడు ఆడోళ్లందరూ చర్చి మెట్ల మీద కూచోని ఒక మాట అనుకున్నారు. కడాన నింపిన చట్రం ఇయ్యం. కొత్త పుల్ల గడపలో దిగితేనే అది చేతికిస్తాం. కంపెనీకి చట్రాలు కావాల గదా, ఎట్ల రాడో చూద్దాం అనుకున్నారు. వచ్చినాడు. ఆ కట్టుబాటు ఉండేదానివల్లే నేను చదువుకుంటిని జమీనన్నా. ఆరు ఇండ్లకు ఆగకుండా పని కావాలంటే దీన్ని మించింది లేదు."

ఆమె చెప్పింది నిజమే. ప్రోగ్రాం నడిపితే ఆరు కోర్లలో ఒక్కటీ ఖాళీగా ఉండలేదు. వరండా ఆట కూడా గంట కొట్టేవరకు చక్కగా సాగేది. భోజనం గంట వినబడగానే పిల్లలు పళ్లేలు ఎక్కడివక్కడ వదిలేసి లేచిపోయేవారు. ఆట చివర ఏమవుతుందో మాలో ఎవరమూ చూడలేదు.

ప్రోగ్రాములో చివర వచ్చింది. తెర మీద చట్రం బొమ్మ పైనుంచి పట్టీలు పట్టీలుగా మెరుపులా దిగింది. మందు లేని పుల్లల మీద ఎర్రచుక్కలు పడ్డాయి. మామూలు కంప్యూటరు కంటే ఎంతో ముందు. అడుగుకు వచ్చేసరికి ఆగిపోయింది. కిందివైపు పట్టీలు నల్లగా ఉండిపోయాయి. ప్రోగ్రాం ముగియనూ లేదు. దేనికోసమో ఎదురుచూస్తున్నట్టు అలాగే నిలబడిపోయింది.

ఆ నల్లపట్టీల వెనక మేం పడిన పాట్లు చెప్పతరం కాదు. కెమెరాను అనుమానించాం. తీగలు మార్చాం. కరెంటు పోయి వచ్చినందువల్ల మెమరీ చెడిందేమో అనుకున్నాం. లోపల ఏం జరుగుతోందో చెప్పమని చిన్న కోర్లను అడగడానికి లేదు, వాటికి తెర మీద రాసే దారి లేదు. ప్రోగ్రాం మధ్యలో ఏదైనా పరీక్ష పెడితే ఆ కొంచెం ఆలస్యానికే పనుల వరుస మారిపోయి, నల్లపట్టీ ఇంకో చోట తేలేది. ఒకసారి అడుగున అన్నీ కలిసి ఉండేవి. ఇంకోసారి ఒకటి విడిపోయి పైకెక్కి కూర్చునేది. ఆరు కోర్లు ఒకేసారి పనిచేస్తుంటే తప్పు ఎవరిదని పట్టుకుంటాం? ఆమె పేర్చే సుద్దవరుసలు వంకర పోవడం అప్పుడే మొదటిసారి చూశాను.

సెలవులు దగ్గరపడ్డాయి. ప్రొఫెసరుగారు వచ్చే రోజు ఖాయమైంది. నేను ఆమెకు ఒక సలహా ఇచ్చాను.

"అడుగుభాగం కత్తిరించి చూపించండి. చట్రం అంతే ఉందనుకుంటారు. మీ మర్యాద నిలుస్తుంది."

ఆమె నావైపు చూసింది. కోపం లేదు. "ఆ కత్తిరించిన దాంట్లో తల లేని పుల్ల ఉంటే?"

"ఎవరూ చూడరు."

"పెట్టెలో పోతుంది గదా జమీనన్నా. ఎవురో ఒకరు పొయ్యి అంటించేదానికి గీస్తారు గదా." మళ్లీ తెరవైపు తిరిగింది. "యంత్రం పోతే పోనీ. కత్తిరించను."

ఆయన రావడానికి ముందురోజు మధ్యాహ్నం. ల్యాబులో ఇద్దరమే ఉన్నాం. తెర మీద నల్లపట్టీలు. ఆమె పొద్దుటి నుంచి ఏమీ తినలేదు. సంచిలోంచి కడలమిఠాయి తీసి విరిచి, అలవాటుగా నా ముందుకు చాపింది. నేను అలవాటుగా చేతులు వెనక్కి కట్టుకుని, తల అడ్డంగా ఊపాను. ఆమె చేయి వెనక్కి తీసుకోలేదు. ఆ ముక్క అలాగే గాలిలో ఉంది.

"ఏమైంది?" అన్నాను.

"కదలొద్దు. అట్లే నిలబడండి."

నిలబడ్డాను. ఆమె నా చుట్టూ తిరిగి వెనక్కి వెళ్లి, కట్టుకున్న నా చేతుల్ని చూసింది. మళ్లీ ముందుకు వచ్చింది. కళ్లు పెద్దవయ్యాయి.

"పని అయిపోయింది. చేతిలో ఉండాది. ఇయ్యరు. ఏంటికి ఇస్తారు? ముందర ఎవురన్నా ఒకటి పెట్టి, అది పుచ్చుకుంటే గదా చేతిలోది ఇచ్చేది! జమీనన్నా, నా ఆరుగురూ లోపల మీ మాదిరే నిలబడుండారు!"

నాకు సగం అర్థమైంది. బొమ్మలో ముక్కలు అయిపోయాక పంపడానికి కొత్త ముక్క లేదు. కొత్త ముక్క రానందున ఆరు కోర్లూ తమ చివరి ముక్కను పట్టుకుని కూర్చున్నాయి. పెద్ద కోరు వాటికోసం ఎదురుచూస్తోంది.

"మరి మీ సందులో ఏం చేసేవారు?" అని అడిగాను. "పుల్లలు అయిపోతే?"

ఆమె నెత్తి మీద చేత్తో కొట్టుకుంది. కొట్టుకుని నవ్వింది, కళ్లవెంట నీళ్లు కారేదాకా నవ్వింది.

"పండగ ముందర కంపెనీ మూసేస్తారు. పుల్ల ఉండదు. ఆడోళ్లు చట్రం ఇయ్యరు. అప్పుడు బండాయన తుండుగుడ్డలో పొరికడల కట్టుకోని వస్తాడు. ఒక్కో గడపలో ఒక పిడికెడు పెడతాడు. పండగ అయినాక మళ్లా వస్తానని దానికి అర్థం. అది పుచ్చుకుంటే చట్రం ఇచ్చేస్తాం. ఆ పిడికెడు తినేదానికి చిన్నప్పుడు పొద్దుటి నుంచి గడపలో కాచుకోని ఉంటిని జమీనన్నా! పుల్ల గుర్తుంది, చట్రం గుర్తుంది, తిన్నది మరిసిపోతినే పాపిష్టిదాన్ని!"

పొరికడల అంటే వేయించిన శనగపప్పు, పుట్నాలు. ఆమె కూర్చుని, ముక్కలన్నీ అయిపోయాక ఆరు కోర్లకూ ఒక్కో ఉత్త ముక్క పంపేలా నాలుగు వరుసలు రాసింది. అందులో లెక్కించడానికి ఏమీ ఉండదు. ఆ భాగానికి ఇంగ్లీషు అక్షరాల్లో పొరికడల అని పేరు పెట్టింది. నడిపింది. పట్టీలు దిగాయి. అడుగుకు వచ్చాయి. ఒక్క క్షణం ఆగాయి. ఆరూ ఒకదాని వెంట ఒకటి నిండాయి. చిట్టచివరి పట్టీలో, మూలగా, ఒక ఎర్రచుక్క పడింది. తల లేని పుల్ల. ఆమె దానిమీద వేలు పెట్టి నావైపు చూసింది.

మరునాడు ప్రొఫెసరుగారు ప్రోగ్రామును మూడునాలుగుసార్లు నడిపించి చూశారు. తర్వాత ప్రోగ్రాం చదువుతూ ఒకచోట ఆగారు.

"ఇదేమిటమ్మా, పొరికడల?"

ఆమె చెప్పింది. సందు, చట్రం, పిడికెడు, అన్నీ. ఆయన కళ్లద్దాలు తీసి తుడుచుకున్నారు.

"థీసిస్‌లో ఈ పేరు ఉండకూడదు."

"తీసేస్తాను సార్. ప్రోగ్రాములో మాత్రం ఉండనీండి. పేరు చూస్తే పెట్టాలని గుర్తుంటుంది."

ఆయన నవ్వి, ఆమె దరఖాస్తు తెమ్మన్నారు. సంతకం చేసేటప్పుడు ఆమె వేళ్లు కదలకుండా ఉన్నాయి. అవి అలా ఉండగా నేను చూసింది ఆ ఒక్కసారే.

ఆ సాయంత్రం ఒక విద్యార్థి ఫొటో తీశాడు. ఆమె మధ్యలో, నేను పక్కన. "చెయ్యి ముందరికి పెట్టండి జమీనన్నా, పోలీసులు పట్టుకోనొచ్చినట్టు ఉంది!" అంది. నేను పెట్టలేదు. ఆమె నవ్వు ఆపుకుంటుండగా ఫొటో పడింది. పోస్టరులో ఉన్నది అదే.

ఆమెకు డాక్టరేటు వచ్చేసరికి ఆ రకం ప్రాసెసరును తయారుచేసినవాళ్లే పక్కన పెట్టేశారు. అంత కష్టపడి నేర్చిన విద్యకు యంత్రమే లేకుండా పోయిందని నాకు బాధ కలిగింది. ఉన్న విద్యకు చోటు లేకుండా పోవడం మా ఇంట్లో అందరికీ తెలుసు. ఆమె మాత్రం, "పోతే పోనీండి. ఏది వచ్చినా బండి తోలేవాళ్లు కావాల గదా," అని కొత్త పుస్తకం తెరిచింది. ఆ తర్వాత కొన్నాళ్లకే నేను కాలేజీ వదిలి విరుదునగర్‌లో వేరే పనికి మారాను. ఆఖరుసారి చూసింది విరుదునగర్ బస్టాండులో. ఆమె బస్సులో కిటికీ పక్కన, నేను కింద. బస్సు కదులుతుండగా కిటికీలోంచి చేయి బయటికి చాపింది, వేళ్ల మధ్య కడలమిఠాయి. నేను తల అడ్డంగా ఊపాను. ఆమె దాన్ని నాకు కనబడేలా నోట్లో వేసుకుని, బుగ్గ ఉబ్బించి చూపించింది. బస్సు మలుపు తిరిగింది.

పోస్టరులో ఉన్న రోజున ప్రార్థనకు వెళ్లాను. ఆ సందులోకి అడుగుపెట్టడం అదే మొదలు. అగ్గిపెట్టెల కంపెనీ మూతబడింది. ఇండ్లు అలాగే, వాకిళ్లు అంతే ఇరుకు. పండ్లబుట్ట తీసుకెళ్లాను. ఒట్టి చేతులతో వెళ్లడం మాకు అలవాటు లేదు. ప్రార్థన అయ్యాక బుట్టను ఆమె తల్లి పక్కన పెట్టి, లేచి నిలబడ్డాను. తల్లికి ఎనభై దాటి ఉంటాయి. గడప మీద కూర్చుని ఉంది. ఒళ్లో ఏమీ లేకపోయినా ఆమె వేళ్లు కూడా నాలుగు నాలుగుగా కదులుతున్నాయి.

"ఎవురు నాయినా నువ్వు?" అంది తలెత్తి. నా నిలుపు చూసింది. వెనక్కి కట్టుకున్న చేతులు చూసింది. నెమ్మదిగా ముఖం విచ్చుకుంది. "జమీనన్నవా? చెప్తా ఉండె. దినమూ చెప్తా ఉండె. నీకు మిట్టాయి పెట్టలేకపోతినని చెప్తా ఉండె."

నేను తలవంచుకున్నాను. వెళ్లొస్తానని చెప్పకూడదు కనుక ఊరికే తిరిగాను.

"నిలబడు నాయినా. ఈ గడపలో ఇచ్చినవాళ్లను అట్లే పంపం."

పక్కనున్న డబ్బాలో చేయి పెట్టి తీసింది. పిడికిలి నావైపు చాపింది. సందులో జనం చూస్తున్నారు. మా నాన్నగారి ముళ్ల మధ్య నిలబడే వీపు నాకు గుర్తొచ్చింది. నా చేతులు వెనక ఒకదాన్నొకటి గట్టిగా పట్టుకున్నాయి. ఆ ముసలిచేయి వెనక్కి పోలేదు. కూతురి చేయిలాగే, గాలిలో అలాగే ఉంది.

చేతులు విప్పాను. కుడిచేయి ముందుకు తెచ్చి చాపాను. వేయించిన శనగపప్పు వెచ్చగా అరచేతిలో పడింది. అక్కడే, నిలబడే, అందరూ చూస్తుండగా నోట్లో వేసుకున్నాను. నమలడానికి చాలాసేపు పట్టింది. అయిపోయాక అరచేయి ఖాళీగా, ఇంకా చాచే ఉంది.

"ఇంకో పిడికెడు పెట్టమ్మా," అన్నాను, మా ఇంటి తెలుగులో.